మంచా, వయసా

నవంబర్ 4

ఇవాళ మారిత్ నన్ను పిలిపించింది. పిలవలేదు, పిలిపించింది. తేడా ఉంది. ఎవరి చేతో ఫోన్ చేయించింది, "హార్మెన్, తీరిగ్గా ఉంటే ఒకసారి పైకి రాగలరా అని మారిత్ అడుగుతోంది" అని. తీరిగ్గా ఉంటే! తీరిక తప్ప నాకు ఇంకేం మిగిల్చారని?

నా గది ఇప్పుడు సైకిళ్ళ షెడ్డు పక్కది. వానలో తొక్కుకుంటూ వచ్చినవాళ్ళ తడి కోట్ల వాసనంతా లోపలికే. వేసవిలో ఆమె మా బృందానికి అధిపతి అయింది. అయిన వారంలోనే "హార్మెన్‌కి కాస్త ప్రశాంతంగా ఉండే గది చూడండి" అంది. ప్రశాంతం! నా దగ్గర పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న పిల్ల. టంకం కడ్డీ ఏ వైపు పట్టుకోవాలో నేర్పింది నేను.

వెళ్ళాను. బల్ల మీద గ్రాఫు పరిచి ఉంది. మేం కట్టిన స్పెక్ట్రోమీటర్ అంతరిక్షంలో టెలిస్కోపు వెనక వేలాడుతూ, నక్షత్రాల పరారుణ కాంతిని రంగురంగులుగా విడదీసి పంపుతూ ఉంటుంది. అందులో పొడవు తరంగాలను చూసే కన్ను మసకబారుతోంది. వసంతం నుంచి నెలనెలా కొంచెం కొంచెంగా. ఆమె నాకు కొత్తగా చెబుతున్నట్టు చెప్పింది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, చూడమని ఎవరూ చెప్పకపోయినా.

"మంచు," అంది. "లోపలి అద్దాల మీద పొర కట్టింది. పరికరాన్ని కాస్త వేడి చేస్తే ఎగిరిపోతుంది."

"వయసు," అన్నాను. "డిటెక్టర్ ముసలిదైంది. వేడి చేస్తే చస్తుంది."

"సరే, ఎల్లుండి అందరి ముందూ మాట్లాడుకుందాం," అని తలుపు వైపు చూసింది. కాఫీ కూడా ఇవ్వలేదు.

నా భార్య రూలీన్ ఇంట్లో లేదు. డెల్ఫ్‌జైల్‌లో వాళ్ళక్కకి మోకాలి ఆపరేషన్, సాయానికి వెళ్ళింది. వారం పది రోజుల్లో వస్తుంది. రొట్టె, జున్నుతో పూట గడిపాను.

నవంబర్ 6

ఎలా మొదలైందో రాసుకోవాలి. రేపు ఎవరైనా నేను ముందు అరిచానంటే, కాదని నాకైనా తెలియాలి.

మర్యాదగానే మొదలుపెట్టాను. కొత్తవాళ్ళున్నారు కదా అని మొదటి నుంచీ చెప్పాను. "డిటెక్టరంటే రెండు పలుచటి పలకలు. ఒకటి కాంతిని పడుతుంది, రెండోది పడినదాన్ని లెక్క చెబుతుంది. రెంటి మధ్యా కంటికి ఆనని ఇండియం బొట్లు లక్షల కొద్దీ ఉండి వాటిని అతికించి పట్టుకుంటాయి. ఇన్నేళ్ళూ అవి ఘోరమైన చలిలో ముడుచుకుని పడున్నాయి. ఇప్పుడు వేడి తగిలితే సాగుతాయి. పలకలు రెండూ ఒకేలా సాగవు. బొట్టు తెగుతుంది. దాని వెనకే పక్క బొట్టు. తెగిన చోట కన్ను గుడ్డిదే."

మారిత్ ఓపిగ్గా విన్నట్టు నటించింది. "గ్రాఫులో పన్నెండు మైక్రాన్ల తరంగం దగ్గర గుంట చూడండి. మంచు మింగే కాంతి అక్కడిదే. వయసైతే అక్కడ గుంటెందుకు పడుతుంది?"

"గుంట లోతు చాలదు."

"పొర పలచగా ఉంది కనుక."

"అంత పలచటి పొర ఇంత కాంతినెలా మింగింది?"

చేతిలో పెన్ను తిప్పుతూ, "హార్మెన్, మీకు కావలసింది జవాబా, లేక నేను తప్పని తేలడమా?" అంది.

ఎవడో నవ్వాడు. ఎవడో చూసి పెట్టుకున్నాను.

అప్పుడన్నాను. "నీకు గ్రాఫులు గీయడం వచ్చు మారిత్. చేతిపని రాదు. నీకు పట్టా ఇచ్చిన రోజే చెప్పాను."

అందరూ నా వైపు తిరిగారు. నిజం చెబితే అంత వింతా?

"ఔను, చెప్పారు," అంది. "మా అమ్మానాన్నల ముందు."

ఆ రోజు వాళ్ళమ్మానాన్నా వచ్చారా? నాకు గుర్తు లేదు.

నవంబర్ 7

గుంట లోతు చాలదు. చాలదు గాక చాలదు.

నవంబర్ 15

మారిత్ పుట్టినరోజు. ఆమే కేకు తెచ్చింది, తేవాలి కాబట్టి. కుర్చీలు గుండ్రంగా వేసి, ఇక్కడి ఆచారం ప్రకారం అందరం అందరికీ అభినందనలు చెప్పుకున్నాం. నాకూ చెప్పారు: "అభినందనలు హార్మెన్, మారిత్ పుట్టినరోజు కదా!" పరామర్శకు వచ్చినవాళ్ళకి తలూపినట్టు ఊపాను. చెయ్యి కలిపాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. నాదీ అంతేనేమో.

ప్లేటు పట్టుకుని నా పక్కకి వచ్చి నిలబడింది. కేకు గురించి మాట్లాడుతుందనుకున్నా.

"నేలమాళిగలో విడి డిటెక్టర్ ఉంది కదా. పైకి పంపినదాంతో పాటే, ఒకే పలక నుంచి కోసింది. దాన్ని అదే చలికి దించి, వేడి చేసి, మళ్ళీ దించి చూద్దాం. మీరు చేయాలి."

"నేనే ఎందుకు?"

"ఇంకెవరు చేసినా ఒప్పుకోరు మీరు. విరిగితే వాళ్ళకి చేతకాలేదంటారు. విరక్కపోతే సరిగ్గా చేయలేదంటారు."

"ఆలోచించి చెబుతాను."

"ఆలోచించడానికి ఏముంది? నేను చెబుతున్నాను, మీరు చేస్తున్నారు," అని కేకు ముక్క నోట్లో పెట్టుకుంది.

నా ముక్క సగంలోనే వదిలి వచ్చేశాను. ఆపిల్ కేకు. బాగానే ఉంది.

నవంబర్ 16

ఉచ్చు ఇది. విరిగితే చివరి డిటెక్టర్‌ని హార్మెన్ నాశనం చేశాడంటారు. విరక్కపోతే ఆమె గెలిచిందంటారు. ఏ వైపు దూకినా గోతిలోకే. తెలివైనది. నేను నేర్పిన తెలివి కాదు.

చేయనని చెప్పొచ్చు. చెబితే వచ్చే వేసవిలో రిటైరయ్యేదాకా ఆగక ఇప్పుడే ఇంటికి పంపుతారు. ఇంటికెళ్ళి ఏం చేయాలి?

రూలీన్ ఫోన్ తీయలేదు. అక్కని కసరత్తుకి తీసుకెళ్ళి ఉంటుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత అది చాలా ముఖ్యం.

నవంబర్ 23

మొదలుపెట్టాం. చలికి దించడానికి హీలియం పోసేది బెరెండ్. ఇక్కడ నాతో ఇంకా మామూలుగా మాట్లాడేది అతనొక్కడే. అతను మాట్లాడటమూ అంతంతమాత్రమే.

"మోయ్," అని పలకరించాడు.

"మోయ్," అన్నాను.

కాసేపటికి, "విరుగుతుందా?" అన్నాడు.

"విరుగుతుంది."

"అయ్యో," అన్నాడు. ఆ అయ్యో నా కోసమా, డిటెక్టర్ కోసమా తెలియలేదు. పెట్టె మూత మీద నా చేతిరాతలో పాత చీటీ అంటించి ఉంది: ముట్టుకోవద్దు, నన్నడగండి. దాన్ని పీకకుండానే మూత తీశాం.

వెలుతురులో డిటెక్టర్‌ని చూసి ఎన్నాళ్ళయిందో. నల్లగా, నున్నగా, నీళ్ళు నిండిన పలకలా ఉంది. మా ముగ్గురి ఊపిరి దానికి తగలకుండా మొహాలకి గుడ్డ కట్టుకుని కట్టిన రోజులు. ఆ ముగ్గురిలో ఒకతె మారిత్. ఇది రాయనక్కర్లేదు.

డిసెంబర్ 1

ఒకసారి వేడెక్కించి, చల్లబరిచాం. ఒక్క బొట్టూ తెగలేదు.

ఒకసారి అంటే ఏమీ కాదు. ఎవరైనా ఒకసారి తట్టుకుంటారు.

డిసెంబర్ 3

సంతలో చేపల దుకాణం దగ్గర రూలీన్ వాళ్ళక్క కనిపించింది. నన్ను చూసి సైకిలెక్కి అవతలి వీధిలోకి తిరిగింది. మంచి వేగంగా తొక్కింది. మోకాలు బాగా నయమైనట్టుంది. అయినా ఇలాంటి వాటికి మనిషి తోడు ఇంకొన్నాళ్ళు ఉండటమే మంచిది.

డిసెంబర్ 5

సింటర్‌క్లాస్ పండుగ. పేరు చెప్పకుండా కానుకలూ వెక్కిరింపు పద్యాలూ పెట్టుకునే రోజు. నా బల్ల మీద చాకొలెట్‌తో చేసిన అక్షరం ఒకటి, దాని కింద పేరు లేని పద్యం:

కొత్తది ఏదీ వద్దంటాడు, మంచసలే కాదంటాడు,
కిందున్న గదిలో కూర్చుంటాడు, పైకప్పే నాదంటాడు.

ఎవరు రాశారో వేరే చెప్పాలా? పద్యం చింపేశాను. చాకొలెట్ ఉంచుకున్నాను.

డిసెంబర్ 9

రెండోసారి అయింది. విరగలేదు. ఇంకా విరగలేదు.

మారిత్ వచ్చి అంకెలు చూసి వెళ్ళింది. సంతోషించలేదు. కనీసం నా ముందైనా ఎగరొచ్చు కదా. పెదవి కొరుక్కుంటూ, "మళ్ళీ చేయండి" అంది. ఎంత పొగరు! గెలిచినా చాలదు, మట్టి కరిపించాలి నన్ను.

డిసెంబర్ 10

ఇవాళ జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

తెర మీద డిటెక్టర్ బొమ్మ వచ్చింది. చిన్న చిన్న చదరాలు, అన్నీ వెలుగుతున్నాయి. బెరెండ్ నా మొహం చూసి, "ఏమైంది? ఎవరైనా పోయారా?" అన్నాడు.

"లేదే."

"మరి ఆ మొహమేంటి? నీ చేత్తో కట్టింది బతికుంటే, శవం ముందు కూర్చున్నట్టు కూర్చున్నావేంటి?"

అతను థర్మాస్‌లోంచి కాఫీ పోసుకుంటూ, "ఇంతకీ ఆ పద్యం నేనే రాశాను. ప్రాస బాగా కుదిరింది కదూ?" అన్నాడు.

దానికి కోపం రావాలి నాకు. రాలేదు, కోపమంతా ఇంకోచోట ఖర్చవుతోంది. "ఈసారి ఇంకా వేగంగా వేడెక్కిద్దాం," అన్నాను.

"అంతరిక్షంలో అంత వేగంగా వేడెక్కదుగా?"

"కఠినంగా పరీక్షించాలి. అదే పద్ధతి."

"పద్ధతి!" కాఫీ కప్పు కింద పెట్టాడు. "నేను చేయను. హీలియం పోయమంటే పోస్తా. కుక్కని కొట్టమంటే కొట్టను."

నేనే చేశాను. హీటర్ మీట నా వేళ్ళ కింద ఉంది. అంకె పరిగెడుతోంది. ఏ పరికరమూ ఎప్పుడూ పడకూడనంత బాధ దానికి పెట్టాను. పెడుతూ లోపల ఒకటే అనుకుంటున్నాను: విరుగు, విరుగు. నా ముప్పయ్యేళ్ళ పనిని నేనే తిట్టుకుంటూ, విరగమని బతిమాలుకుంటూ.

బెరెండ్ బయటికి వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 13

చల్లబడింది. విరగలేదు.

ఒక మూల మాత్రం, గోరంత చోట, చదరాలు నల్లబడ్డాయి. బొట్లు తెగాయి. మిగతాదంతా నిండుగా వెలుగుతోంది. ఆమె చేయించిన పరీక్షల కంటే నేను కసికొద్దీ చేసిన పరీక్షే ఆమె మాటని గట్టిగా నిలబెట్టింది.

రూలీన్‌కి చెప్పాలి. ఫోన్‌లో కాదు. రేపు డెల్ఫ్‌జైల్ వెళ్తాను. వేరుశనగ గింజలు పొదిగిన ఆ బిస్కెట్లు ఆమెకిష్టం, కొనుక్కెళ్తాను.

డిసెంబర్ 14

వెళ్ళాను. తలుపు వాళ్ళక్క తీసింది. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, కోటు వేసుకుని బయటికెళ్ళిపోయింది. రూలీన్ బఠానీ సూపు కలుపుతోంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

మొత్తం చెప్పాను. వేడెక్కించడం, మూల నల్లబడటం, మారిత్ పెదవి కొరుక్కోవడం, పద్యం, అన్నీ. ఆమె గరిటె తిప్పుతూ విన్నది. సూపు అడుగంటకుండా చూసుకోవడంలోనే ధ్యాసంతా ఉన్నట్టుంది. నేను ఆపాక, స్టవ్ కట్టేసింది.

"హార్మెన్, నువ్వొచ్చి ఇంతసేపైంది. నేనెలా ఉన్నానో అడిగావా?"

"ఎలా ఉన్నావు?"

"బాగున్నాను."

ఇంకేం అడగాలో తోచక, "అక్క మోకాలెలా ఉంది?" అన్నాను.

నా వైపు వింతగా చూసింది. "అక్కకి మోకాలేంటి?"

"ఆపరేషన్..."

"ఆపరేషన్ అని నేనెప్పుడన్నాను? పోయినేడు చెయ్యి విరిగి కట్టు కట్టారు, అదొక్కటే. సెప్టెంబర్‌లో నీకేం చెప్పాను నేను? వంటింట్లో నిలబడి, చేతిలో పెట్టె పట్టుకుని చెప్పాను. నువ్వు మారిత్ పంపిన మెయిల్ చదువుతున్నావు."

"విన్నాను," అన్నాను.

"ఏం విన్నావు?"

"అక్క దగ్గరికి వెళ్తున్నానన్నావు."

"ఇక తిరిగి రానన్నాను."

బయట గాలి కిటికీ అద్దాలని కొడుతోంది. ఇక్కడ గాలి ఎప్పుడూ అంతే. సముద్రపు కట్ట దాటి వచ్చాక దానికి అడ్డేముంది?

"ఆమె మూలంగానా?" అన్నాను. "నేను మారిత్‌ని తిట్టుకుంటానని?"

కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఏళ్ళ తరబడి ఆ బల్ల దగ్గర మనిద్దరం తినలేదు, ముగ్గురం తిన్నాం. నేను సూపు వడ్డించేలోపే ఆమె వచ్చి కూర్చునేది. ఇవాళ మారిత్ ఇలా అంది, మారిత్ అలా చూసింది. మొదట్లో నీకామె మీద మనసుందేమో అనుకున్నాను. అలా అయినా బాగుండేది. ప్రేమైతే ఎప్పటికైనా తగ్గుతుంది."

బిస్కెట్ల పొట్లం బల్ల మీద పెట్టాను. అందులోంచి ఒకటి తీసి నాకిచ్చి, ఒకటి తను తిన్నది. సూపు మాత్రం పెట్టలేదు.

తిరుగు రైల్లో పెట్టెంతా ఖాళీ. పొలాల మీద వాన.

డిసెంబర్ 15

రూలీన్ నన్ను వదిలి వెళ్ళిపోయింది. సెప్టెంబర్‌లో. చెప్పే వెళ్ళింది.

డిసెంబర్ 16

ఆవాల సూపు నేనే కాచుకున్నాను. ఉండలు కట్టింది.

డిసెంబర్ 27

ఎవరూ లేరు ఆఫీసులో. వెళ్ళాను. మూల నల్లబడిన బొమ్మని మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ మూలొక్కటే పెద్దది చేసి చూపిస్తే, చూసినవాళ్ళ గుండె జారిపోతుంది. అబద్ధం చెప్పనక్కర్లేదు. మూల చూపిస్తే చాలు.

జనవరి 11

కమిటీ కూర్చుంది. స్టాక్‌హోమ్ నుంచి తెర మీద అధ్యక్షుడు లెనార్ట్, ఇంకా అక్కడక్కడి నుంచి చిన్న చిన్న మొహాలు. పరికరాన్ని వేడి చేయాలా వద్దా తేల్చేది వీళ్ళే. మారిత్ గుంట చూపించింది, లెక్కలు చూపించింది. మధ్యలో ఒకసారి ఆగి నీళ్ళు తాగింది. మంచు అని నిరూపించలేనని తనే ఒప్పుకుంది. నాకది నచ్చింది. నచ్చకూడదు.

లెనార్ట్ నన్నడిగాడు. పాత మనిషి, నన్నెరుగును. "హార్మెన్, దీన్ని కట్టినవాడివి నువ్వు. నువ్వు వద్దంటే మేమూ వద్దంటాం. ఇక లెక్కలతో పనిలేదు. చెప్పు."

పళ్ళెంలో పెట్టి అందించాడు. ఒక్క మాట. వద్దు. అంతే. తర్వాత మారిత్ ఆ గదిలో ఎలా నిలబడేదో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. స్నానం చేస్తూ కూడా ఊహించుకున్నాను.

నా ముందు రెండు బొమ్మలున్నాయి. మూల ఒక్కటీ ఒకటి. మొత్తం పలక ఇంకోటి. మొత్తం పలకే తెర మీద పెట్టాను.

"దీన్ని మేం వేడి చేశాం. పైన ఎప్పటికీ జరగనంత వేగంగా, నేనే చేశాను. ఒక మూల పోయింది. మిగతాది నిలబడింది. పైనున్నదీ నిలబడుతుంది. మూల పోతుంది, అది ముందే తెలుసుకుని ఉండండి."

"అయితే చేయమంటావా?"

"తట్టుకుంటుందంటున్నాను. చేయమనడం నా పని కాదు. అది ఆమె పని."

ఒప్పుకున్నారు.

నడవాలో మారిత్ నన్ను దాటుకుని వెళ్ళిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క థాంక్స్‌కి కూడా నోరు రాదా?" అన్నాను.

వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దేనికి? నిజం చెప్పినందుకా? నిజం చెబితే థాంక్స్ చెప్పించుకుంటారా మీరు?"

"నేను వద్దంటే నీ కథ ముగిసేది."

"తెలుసు. అనలేదేం మరి?" అని ఆగింది, నిజంగా జవాబు కోసం ఆగినట్టు.

"నీ కోసం మాత్రం కాదు," అన్నాను.

"హమ్మయ్య," అని వెళ్ళిపోయింది.

జనవరి 12

ఎంత పొగరు!

ఫిబ్రవరి 20

ఇవాళ పరికరాన్ని వేడి చేశారు. ఆజ్ఞలు సముద్రం అవతలి నుంచి వెళ్తాయి. మాకు ఇక్కడ ఒక తెర, దాని మీద పైకి పాకే ఒక అంకె. అంతే. చేతులు ముడుచుకుని చూడటం తప్ప చేసేది లేదు. నన్ను రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కిందకెళ్ళారు. మారిత్ కదల్లేదు. నేనూ కదల్లేదు. అంకె పాకుతోంది. ఇప్పుడిక ఆపినా లాభం లేదు, బొట్లు తెగేవి తెగుతూనే ఉంటాయి.

తెర మీంచి చూపు తిప్పకుండా, "ఆ విడి డిటెక్టర్ విరగాలని కోరుకున్నారు కదూ?" అంది.

"బెరెండ్ చెప్పాడా?"

"ఎవరో చెప్పాలా? మీ మొహం చూస్తే తెలీదూ?"

ఎందుకు దాచాలి? "కోరుకున్నాను," అన్నాను.

"నేనూ కోరుకున్నాను."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నా. "నువ్వా? నువ్వెందుకు?"

"విరిగితే ఇవాళ ఇక్కడ ఇలా కూర్చునే పని ఉండేది కాదుగా. హార్మెన్ వద్దన్నాడు, మానేశాం. కన్ను మెల్లమెల్లగా మసకబారేది. నన్నెవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు. అందరూ మిమ్మల్నే అనేవాళ్ళు." రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. "మీరు విరగ్గొడతారనే మీ చేతికిచ్చాను."

నాకు తెలిసినంతలో ఇంత పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

"అంటే నా చెడ్డబుద్ధి మీద అంత నమ్మకమన్నమాట నీకు."

"పదిహేనేళ్ళు చూశాను. ఒక్కసారైనా వమ్ము చేయలేదు మీరు. ఆ ఒక్కసారీ ఇప్పుడే చేయాలా?"

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆమె నవ్వలేదు. కింద నుంచి జనం మెట్లెక్కి వస్తున్న చప్పుడు. ఎవరో నాకు ఉడికించిన గుడ్డు లోపల పెట్టి వేయించిన ఉండ ఒకటి తెచ్చిపెట్టారు. ఆమెకీ ఒకటి. ఇద్దరం తెర చూస్తూ తిన్నాం.

ఫిబ్రవరి 21

కోపం పోలేదు. పోతుందనుకున్నాను, పోలేదు. అయితే నిన్నటి నుంచి ఆమె మీద కోపం వచ్చినప్పుడల్లా మోకాళ్ళ మధ్య ఇరికించుకున్న ఆ చేతులు కూడా గుర్తొస్తున్నాయి. ఇది నాకు అన్యాయం.

ఫిబ్రవరి 28

చల్లబడింది. ఇవాళ మొదటిసారి కన్ను తెరిచారు. కుర్ర నక్షత్రం ఒకటి, చుట్టూ దుమ్ము పళ్ళెంలా తిరుగుతూ ఉంటుంది. ఆ దుమ్ములో నీటి ఆవిరి ఉందని మా పరికరమే మొదట్లో చెప్పింది. మసకబారాక ఆ నీటి గీతలు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి.

బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముందు మూల. నల్లగా ఉంది. నేను అనుకున్నచోటే, అనుకున్నంతే. గదిలో ఎవరో మూలిగారు. తర్వాత మిగతాది. వెలుగు, అంతా వెలుగే. నీటి గీతలు ఒకదాని పక్కన ఒకటి దువ్వెన పళ్ళలా లేచి నిలబడ్డాయి. పన్నెండు మైక్రాన్ల దగ్గర గుంట లేదు.

మంచే. మూల మాత్రం వయసు.

అరుపులు, కౌగిలింతలు. నవంబర్‌లో నవ్వినవాడే వచ్చి నన్ను వాటేసుకుని చెంపల మీద మూడుసార్లు ముద్దు పెట్టాడు. ఊరుకున్నాను. బెరెండ్ తలుపు దగ్గర నిలబడి, "బతికింది కదా, ఈసారైనా సంతోషమా?" అన్నాడు. "నోర్ముయ్," అన్నాను. అతను చాలా తృప్తి పడ్డాడు.

మారిత్ జనాన్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చింది. ఏడ్చిందో ఏమో, మొహం ఉబ్బి ఉంది.

"మూల పోయింది," అంది.

"చెప్పాను."

"చెప్పారు."

చెయ్యి కలపలేదు. ఆమె ముందు కదలాలని నేను, నేను కదలాలని ఆమె, కాసేపు అలాగే నిలబడి, ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

మార్చి 3

రూలీన్‌కి చిన్న ఉత్తరం రాశాను. అందులో మారిత్ పేరు ఎక్కడా రాకుండా చూసుకున్నాను. మూడుసార్లు తిరగరాయాల్సొచ్చింది. జవాబు వస్తుందని అనుకోవడం లేదు. ఆమె ఎలా ఉందో మాత్రం అడిగాను.

మార్చి 9

పరికరం గురించి లోకానికి పంపే నివేదిక మారిత్ రాసింది. చదవడానికి నాకూ పంపింది. "ఒక మూలలో స్వల్ప నష్టం" అట! స్వల్పమట! ఫోన్ చేశాను. నేనే చేశాను.

"స్వల్పం ఏంటి? ఎన్ని చదరాలు పోయాయో, ఏ తరంగాల దగ్గర పోయాయో రాయి. ఆ మూల మీద ఎవరి నక్షత్రమైనా పడితే వాడికి తెలియాలి కదా!"

"చదివినవాళ్ళు భయపడతారు, హార్మెన్."

"భయపడనీ. నీకు చేతిపని రాదన్నాను, రాయడమూ రాదనుకోలేదు."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నా.

"అయితే రేపు పొద్దున్నే వచ్చి మీరే రాయండి. నేను కొట్టేస్తా."

"కొట్టేస్తే మళ్ళీ రాస్తా."

"తెలుసు. కాఫీ మీరే తెచ్చుకోండి," అని పెట్టేసింది.

ఆమె అంటే నాకు ఇప్పటికీ గిట్టదు. ఈ మాట ఎన్నిసార్లయినా రాస్తాను. రేపు తొందరగా లేవాలి.